సన్మానంలో కూర్చోబెట్టిన అమ్మాయి

బేగం బజార్ కిరాణా కొట్లలో తెలుగు బిల్లులు వచ్చేలా తొలి సాఫ్ట్‌వేర్ రాసినవాడని రత్నాకర్‌కు పేరు. ఊళ్లో వ్యవసాయం వదిలి వచ్చి, అబిడ్స్‌లో ఒక మేడ మెట్ల కింద కంప్యూటర్లు బాగుచేస్తూ మొదలుపెట్టి, పెద్ద సంస్థకే యజమాని అయ్యాడు. నాంపల్లిలో పేద పిల్లలకు ఉచిత కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడుపుతున్నాడు. ఆ సేవకు గుర్తింపుగా అక్కడి సభామందిరంలో ఆయనకు సన్మానం ఏర్పాటైంది. కుర్చీలు నిండాలని కేంద్రం మేనేజరు మహీధర్ విద్యార్థులందరినీ రప్పించాడు.

ముఖ్య అతిథి ఎంతకీ రాలేదు. ఈలోగా ఒక్కో సంఘంవారూ వేదికెక్కి, శాలువా కప్పి, ఫోటో దిగి పోతున్నారు. మూడో వరుసలో జమున లేచి నిలబడింది. కేంద్రంలో అందరికన్నా చురుకైన పిల్ల. తన సన్మాన సభ మధ్యలో ఆమె లేవడం రత్నాకర్‌కు గుచ్చుకుంది. వేదిక మీదినుంచే అరచేయి కిందికి ఊపి కూర్చోమన్నాడు. కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచింది. ఈసారి ఆయన కళ్లెర్రజేశాడు.

సభ ముగిశాక చూస్తే ఆమె గుమ్మం పక్కన గోడవైపు తిరిగి ఏడుస్తోంది.

“ఏందమ్మా, ఏమైంది?”

“కోఠిల నాకు నౌకరి టెస్టు ఉండె సార్. మీరు కూసోమన్నరు గదా.”

“మహీధర్‌కు చెప్పలేదా?”

“చెప్పిన. ‘సార్ సన్మానం కన్న నీ టెస్టు ఎక్కువనా’ అన్నరు.”

రత్నాకర్ గబగబా బయటికి నడిచాడు. ఆమెను కారెక్కించుకుని కోఠికి బయలుదేరాడు. టెస్టు పెట్టిన ఆఫీసు గేటు మూసి ఉంది. జమున హాల్‌టికెట్ చూపిస్తే, లోపలినుంచి గుమాస్తా దుర్గేష్ వచ్చాడు.

“ఏంది సారూ, గింత లేటా?”

“అబిడ్స్‌ల ట్రాఫిక్” అనేశాడు రత్నాకర్.

జమున తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన చెవులు వేడెక్కాయి.

“కాదు, అబద్ధమాడిన. నాకు సన్మానం జరుగుతుంటె ఈ పిల్లను లేవనియ్యలే. తప్పు నాది.”

దుర్గేష్‌కు నవ్వాగలేదు. “ఔ మరి, శాలువా గూడ ఇంక తియ్యకపోతిరి!” అని, జమున కళ్లు చూసి తగ్గాడు. “కంప్యూటర్లు బంద్ చేసిన్రమ్మా. ఇగ వచ్చే యాడాదే.”

“నేను బస్సుల పోత సార్” అంది జమున. ఆయన తెరిచి పట్టుకున్న కారు తలుపువైపు చూడకుండానే వెళ్లిపోయింది.

రత్నాకర్ అక్కడే నిలబడి మహీధర్‌కు ఫోన్ చేశాడు.

“సార్, ఏడ ఉన్నరు? భోజనాలకు అందరు మీ కోసమే చూస్తున్నరు.”

“ఇయ్యాల జమున టెస్టు మన పిల్లలల్ల ఇంకెవరికన్న ఉండెనా?”

“ఇంకో నలుగురికి ఉండె సార్, వాళ్లను గూడ నేనే పోనియ్యలే” అన్నాడు మహీధర్.