నల్ల కారు తలుపుల మీద తెల్ల మరకలు

1964లో నేను బోధన్ దగ్గర నాటు పంచదార తీసే ఒక ఖండసారి మిల్లు వాహనాల షెడ్డులో ఫోర్‌మన్‌గా చేరాను. చెరకు లారీలు, ట్రాక్టర్లు, ఒక జీపు నా అధీనంలో ఉండేవి. యజమాని కుటుంబం నిజామాబాద్ పట్నంలో కాపురం. ఆ ఏడు ఆయన నల్ల కారు కొన్నారు. దాన్ని ఇంటి దగ్గరే కడిగే ఏర్పాటు చూడమని, సబ్బు ఏది వాడాలో, నీళ్లు దేనితో కొట్టాలో తేల్చమని నాకు చెప్పారు.

వినడానికి చిన్న పని. కాని మిల్లు నడిచే రోజుల్లో పొగగొట్టం నుంచి చెరకు పిప్పి బూడిద రాలుతుంది. యజమాని మిల్లుకు వచ్చినప్పుడల్లా కారు మీద పడుతుంది. అది గరుకు. పొడిగుడ్డతో తుడిస్తే రంగు మీద గీతలు పడతాయి. ముందు నీళ్లు సన్నగా చల్లి బూడిదను నానబెట్టాలి. తరవాత నురగ పట్టించి, అది మట్టిని వదులు చేసేదాకా ఆగి, మెత్తని గుడ్డతో పైనుంచి కిందికి తియ్యాలి. చెరకు విభాగంవారు వీపున తగిలించుకునే తమ పంపు ఇస్తామన్నారు. దానిలో పురుగుల మందు కలిపేవారు కనుక వద్దన్నాను. పూలమొక్కలకు వాడే ఇత్తడి చేతిపంపు ఎంచుకున్నాను. దాని తుంపర సన్నం, లోపల తోలు వాషరు. బట్టల సోడా నురగను పెంచుతుంది గాని రంగును తినేస్తుంది. అందుకని ఒంటి సబ్బు తురిమి నానబెట్టి, బకెట్లో గిలక్కొట్టే పద్ధతి డ్రైవర్ సామ్యేలుకు చూపించాను.

సామ్యేలు వర్ని దగ్గరి మెథడిస్టు కుటుంబంవాడు. మాట తక్కువ. వారమంతా యజమాని ఇంటి వెనక గదిలో ఉండేవాడు. ఆదివారం పొద్దున అక్కడి కారు షెడ్డు తాళంచెవి ఇంట్లో ఇచ్చి చర్చికి పోయేవాడు.

కొన్ని నెలలకు కారు మా షెడ్డుకు వచ్చింది. తలుపుల పిడుల చుట్టూ నలుపు చచ్చి, తెల్లటి చారలు కిందికి జారి ఉన్నాయి. యజమాని నన్ను పక్కకు పిలిచి ఇది యాసిడ్ పనేనన్నారు. క్రిస్మస్‌కు సెలవు ఇవ్వలేదని సామ్యేలు కక్ష కట్టాడని ఆయన నమ్మకం. సోమవారం వాణ్ని పంపించేస్తాను, ఈలోగా మీరు రుజువు చూడండి అన్నారు.

నాకూ అనుమానం లేకపోలేదు. బ్యాటరీ యాసిడ్ డ్రైవర్లకు అందనిదేమీ కాదు. సామ్యేలును అడిగితే, "మీరు చెప్పిన తీర్గనే కడుగుతున్న సార్" అన్నాడు, కళ్లు దించుకుని. ఏదో దాస్తున్నాడనిపించింది.

చేతిపంపు తెప్పించి విప్పాను. మూతి రంధ్రాల్లో తెల్లని పెచ్చు కట్టింది. వేలితో గీకి నీళ్లలో వేస్తే జారుడుగా కరిగింది. అది సోడా. తోలు వాషరు బిరుసెక్కి చిట్లిపోయింది. యాసిడ్ మాట నిజం కాదని తేలింది గాని, సామ్యేలు మీద అనుమానం ఇంకా బిగిసింది. నా మాట పక్కన పెట్టి సోడా వాడాడన్నమాట. ఒక్కటే పొసగలేదు. బానెట్, పైకప్పు అద్దంలా ఉన్నాయి. కారంతా ఒకే నీళ్లతో కడిగితే, మరకలు చేతులు తగిలే చోట మాత్రమే ఎందుకు పడతాయి?

కొత్త వాషరు వేసి పంపును కారుతోపాటు తిప్పి పంపాను. షెడ్డు తాళం సామ్యేలు చేతిలో ఉండని రోజు అదొక్కటే కనుక, ఆదివారం పొద్దున బస్సెక్కి చెప్పకుండా యజమాని ఇంటికి వెళ్లాను. కారు షెడ్డు తలుపులు తెరిచి ఉన్నాయి. యజమాని తల్లి కుర్చీ వేసుకుని కూర్చుంది. పనిమనిషి లచ్చవ్వ ఇత్తడి పంపుతో తలుపు పిడుల మీద తెల్లని నీళ్లు కొడుతోంది. పక్కన సోడా డబ్బా.

ఇదేమిటవ్వా అని అడిగాను. పెద్దావిడ తడబడలేదు.

"ఆడు ముట్టిన కాడల్ల కడిగిస్తున్న. గుడికి పోవాల్నంటె గీ కార్లనే కూసోవాలె గద. మా కారు మేం కడుక్కుంటె నీకేంది?"

రంగు పోతోందని, ఆ నేరం సామ్యేలు మీద పడి అతని నౌకరీ పోబోతోందని చెప్పాను. పోతే ఇంకొకడు దొరకడా అంది.

యజమాని లోపలే ఉన్నారు. చూసింది చూసినట్టు చెప్పి, చిట్లిన వాషరును బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. సామ్యేలును తియ్యనని, ఇంటి మాట బయటికి పోకూడదని అన్నారు. బయటికి పోదు గాని సామ్యేలుకు చెప్పాల్సిందేనన్నాను. ఆయన కాదనలేదు.

చర్చి నుంచి వస్తున్న సామ్యేలును గేటు బయటే ఆపి చెప్పాను.

"నాకెర్కే సార్. మొదట్నించి ఎర్కే" అన్నాడు.

మరి నేనడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాను.

"ఏమని చెప్పాలె? నా శెయ్యి తగిలితె అవ్వ కడిగిస్తదని నా నోటితోని నేనే చెప్పాల్నా? చెప్పినా ఎవరు నమ్ముతరు? నౌకరీ కోసం ముసలామె మీద లేనిది చెప్తుండనేటోళ్లు."



ఆ వారంలోనే సామ్యేలు తనను లారీ మీదికి మార్చమని అడిగాడు. యజమానితో ఒప్పించి మార్చాను. నేనక్కడ ఉన్నంత కాలం చెరకు లారీ నడిపాడు, కారు ఊసెత్తలేదు. తలుపులకు మళ్లీ రంగు వేయించాం. కారుకు యజమాని బంధువుల్లో ఒకతను డ్రైవర్‌గా వచ్చాడు. ఆ తరవాత మరకలు పడలేదు.

అప్పటినుంచి నా షెడ్డులో ఏ వాహనం చెడినా విచారణ వరస మార్చుకున్నాను. ఏ పదార్థం వల్ల చెడింది, ఏ పనిముట్టుతో తగిలింది, ఆ పనిముట్టు ఎవరెవరికి అందుతుంది అన్నవి ముందు చూసేవాణ్ని. ఎవరికి కక్ష ఉందన్న ప్రశ్న ఆఖరున వచ్చేది. కళ్లు దించుకున్న మనిషిని తప్పు చేసినవాడి లెక్కలో వెయ్యడం మానేశాను. చెప్పలేని నిజం ఉన్నవాడూ అలాగే నిలబడతాడు.