రెండోసారి అడగని జూన్

ఎర్లాంగెన్‌లో మా కింది ఇంట్లో ఒక ఐర్లండు పెద్దాయన ఉండేవారు. యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. భార్య జర్మనావిడ, మేం ఆ ఇంట్లో దిగేనాటికే పోయారు. అంత పెద్దమనిషిని ఇంటిపేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. "మాస్టారూ" అన్నాను. అర్థం అడిగి తెలుసుకున్నారు. అప్పట్నుంచి ఆయన మాకు ఫోన్ చేసినా "మాస్టారు మాట్లాడుతున్నాను" అనేవారు.

పరిచయం వాసనతో మొదలైంది. ఒక జూన్ పొద్దున మెట్లు దిగుతుంటే గుర్దాలు, అదే కిడ్నీలు, వేగుతున్న వాసన తగిలింది. తెనాలిలో ఆదివారం చర్చి నుంచి రాగానే మా అమ్మ మూకుడు పెడితే వచ్చే వాసన అది. జర్మనీ వచ్చాక మళ్ళీ ముక్కుకు తగల్లేదు. కొట్టుకని బయల్దేరినదాన్ని సిగ్గు లేకుండా ఆయన గుమ్మం ముందే నిలబడిపోయాను. తలుపు తెరుచుకుంది. నెత్తిన గడ్డి టోపీ, మెడకు బో టై, చేతిలో అట్లకాడ. పాపం, ఒంటరితనానికి మతి చలించినట్టుంది అనుకున్నాను.

మతి బాగానే ఉంది. ఆ రోజు వాళ్ళకు పండుగట. వాళ్ళ దేశపు నవలాకారుడొకాయన ఒకే ఊళ్ళో ఒకే రోజు జరిగే కథను ఇటుకంత పుస్తకంగా రాశాడట. ఏటా జూన్‌లో ఆ రోజు వచ్చిందంటే జనం ఆ కాలపు టోపీలు పెట్టుకుని, పుస్తకంలో ఉన్నట్టే పొద్దున్నే గుర్దాలు తిని, అందులోని వీధులన్నీ తిరుగుతూ పైకి చదువుతారట. పుస్తకానికి పండుగేమిటో నాకు బోధపడలేదు. మనం అట్ట వేసి బీరువాలో పెడతాం గానీ టోపీ పెట్టుకుని ఊరేగుతామా!

తినమన్నారు. వద్దండీ అన్నాను. పిలవగానే కుర్చీ లాక్కుని కూర్చుంటే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది మరి. ఈ అలవాటుతో జర్మన్ల ఇళ్ళలో నేను ఎన్నిసార్లు ఆకలితో లేచొచ్చానో చెప్పలేను. వద్దంటే చాలు, సరేనని ప్లేటు తీసేస్తారు. ఆయన తీయలేదు. మళ్ళీ అడిగారు. మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అడిగాక కూర్చున్నాను. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. వాళ్ళ ఊళ్ళోనూ అచ్చం ఇంతేనట. మొదటిసారికే టీ పుచ్చుకుంటే ఆశపోతు, మూడోసారి అడగకపోతే పిసినారి. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో తానూ పస్తులున్నానని చెప్పారు.

ఆ గుర్దాలు మాత్రం చప్పిడి. వెన్నలో మాడ్చి కాస్త మిరియం చల్లారు, అంతే. ఆ మాట దాచుకోవడం నా వల్ల కాలేదు. మరుసటేడు నుంచి పొయ్యి నాది, పుస్తకం ఆయనది. టర్కీవాళ్ళ కొట్టులో గుర్దాలు తెచ్చి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, అల్లం వెల్లుల్లి దట్టించి వేయించేదాన్ని. తిన్నాక మా ఆయనా, నేనూ, మా అమ్మాయీ ఆయన వెంట బయల్దేరేవాళ్ళం. వాళ్ళ ఊరి సముద్రం ఇక్కడ రెగ్నిట్స్ ఏరు. వాళ్ళ మందుల షాపు ఇక్కడ మూలమీది ఆపోటెకె. సైకిళ్ళ దారికి అడ్డంగా నిలబడి గొంతెత్తి చదివేవారు, వెనక బెల్లులు మోగిపోయేవి. ఆయన్ని పక్కకు లాగడమే మన భక్తి అనేవాడు మా ఆయన. పుస్తకం నాకు సగం అర్థం కాలేదు. మిగతా సగానికి అర్థమైనట్టు తలూపాను. ఆయన గొంతు మాత్రం ఇష్టంగా ఉండేది.

కరోనా వచ్చిన మొదటి జూన్‌లో ఆయన కింద తోటలో కుర్చీ వేసుకుని చదివితే మేం బాల్కనీలోంచి విన్నాం. గుర్దాల డబ్బాను నా చున్నీకి కట్టి కిందికి దించాను. దారినపోయేవాళ్ళు మాస్కుల మీదుగా వింతగా చూశారు. ఆయన టోపీ తీసి వాళ్ళకు వంగి నమస్కారం పెట్టారు. ఆ రోజు బాగా నవ్వుకున్నాం.

ఆ తరవాతి వసంతంలో ఒకరోజు ఉత్తరాల పెట్టె దగ్గర కనబడి, పేజీ మధ్యలో మసక మచ్చ కనిపిస్తోందని చెప్పారు. కళ్ళ డాక్టరు ఇక చేసేదేమీ లేదన్నాడట. పొద్దుటి వెలుగులో పెద్ద భూతద్దం పెట్టుకుంటే ఇంకా ఒకటి రెండు పేజీలు చదవగలరు. వచ్చే జూన్‌కు అదీ ఉండదు. చివరి పేజీలు ఏటా భార్యకు చదివి వినిపించేవారట. ఆవిడ పోయాక మాకు. "ఈ ఒక్కసారి నా కళ్ళతో చదవాలి. ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని వినాలి" అన్నారు. ఆయన నన్ను ఏదైనా కోరడం అదొక్కటే.

అదే వసంతంలో గుంటూరులో మా ఆయన చిన్న మేనమామ ఆక్సిజన్ అందక పోయారు. సమాధి కార్యక్రమం ఫోన్లో చూశాం. ఆ తరవాత మా ఆయన మనిషి మారిపోయాడు. సరుకుల సంచీ కూడా కడిగేవాడు. మాస్టారికి రెండు టీకాలూ అయిపోయాయి, మాకింకా టెర్మిన్, అదే టీకాకు తేదీ, దొరకలేదు. మా అమ్మాయి స్కూలుకు వెళ్ళొస్తోంది. మా వల్ల మాస్టారికేమైనా అవుతుందేమోనని మా ఆయన దిగులు.

అయినా కలవచ్చని రూల్స్ సడలించారు కాబట్టి, పండుగకు ముందు మా అమ్మాయిని వెంటబెట్టుకుని కిందికి వెళ్ళి, మాస్కుతో గుమ్మం బయటే నిలబడి పిలిచాను. ఈసారి మా ఇంట్లో, కిటికీలన్నీ తెరిచి చేసుకుందామన్నాను. ఆయన మొహం వెలిగింది. "వద్దులే అమ్మా, మీకెందుకు శ్రమ" అన్నారు. మళ్ళీ అడగబోతుంటే మా అమ్మాయి నా చెయ్యి గుంజి, ఆయన వద్దన్నారు కదా అని జర్మన్‌లో గొణిగింది. కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, చేరిన నాటి నుంచి దానికి నేర్పిందదే, ఎవరైనా వద్దంటే వద్దనే. ఆ మాట తప్పని ఎలా అనను? పైకొచ్చేశాను.

మనసు ఊరుకోలేదు. ఇంకోసారి అడిగొస్తానన్నాను. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆయనకి భయంగా ఉందేమో. వయసు చూడు. మర్యాదలకి పోయి మళ్ళీ మళ్ళీ అడిగితే మొహమాటానికి వచ్చేస్తాడు. తర్వాత ఏదైనా అయితే ఎవరిది పూచీ?" అన్నాడు. మేనమామ పోయిన మనిషితో వాదించబుద్ధి కాలేదు. నిజానికి అతని మాటే సబబని నాకూ తోచింది. ఇదివరకైతే వద్దనడం మర్యాద. ఆ రోజుల్లో మాత్రం వద్దంటే దానికి నిజంగా కారణం ఉండేది.

పండుగనాడు పొద్దున్నే గుర్దాలు వేయించాను. సాయంత్రం మళ్ళీ వెచ్చబెట్టి, గుమ్మం దగ్గర పెట్టొద్దామని డబ్బా పట్టుకుని కిందికి దిగాను. గంట కొట్టి దూరంగా నిలబడ్డాను. తలుపు వెంటనే తెరుచుకుంది.

గడ్డి టోపీ పెట్టుకుని ఉన్నారు. బో టై కట్టుకున్నారు. కోటుకు తోటలోని గులాబీ. కాళ్ళకు పాలిష్ చేసిన బూట్లు. చంకలో పుస్తకం, చేతిలో భూతద్దం. వెనక వంటగదిలో పొయ్యి వెలిగించిన జాడే లేదు. పొద్దుట్నుంచి అలాగే, తయారై కూర్చున్నారు.

"ఒక్కసారే అడిగావు" అన్నారు.

నిష్ఠూరంగా అనలేదు. తానే ఏదో లెక్క తప్పినట్టు అన్నారు.  ఇప్పుడే రండి మాస్టారూ, రండి, అని బతిమాలాను. ఆకాశం నిండా ఇంకా వెలుతురుంది. ఆయన తల అడ్డంగా ఊపి, ఈ వేళప్పుడు అక్షరాలు కనిపించవమ్మా అన్నారు. డబ్బా తీసుకుని, థాంక్స్ చెప్పి, తలుపు వేసుకున్నారు. పైకొచ్చి మా ఆయనకు చెప్పాను. అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళి పంపు కింద చేతులు పెట్టి అలాగే నిలబడ్డాడు.

ఆ చలికాలంలో కూతురు వచ్చి ఆయన్ని కీల్‌కు, తన ఇంటి దగ్గరి వృద్ధుల హోమ్‌కు తీసుకెళ్ళింది. అప్పటికి చూపు పూర్తిగా మసకబారింది. కరోనా భయానికి వెళ్ళేముందు కౌగిలించుకోను కూడా లేదు. తరవాత ఆయన్ని మళ్ళీ చూడలేదు. మరుసటేడు జూన్‌లో ఫోన్ చేశాను. కూతురు ముందే చెప్పింది, నాన్న కుర్చీలోంచి లేవలేకపోతున్నారు, మనుషుల్ని కూడా పోల్చుకోవడం లేదని.

"మాస్టారూ, నేను, పైఇంటమ్మాయిని. గుర్దాలు తెచ్చాను. రేపు మా ఇంటికి రండి" అన్నాను.

"వద్దులే అమ్మా, మీకెందుకు శ్రమ" అన్నారు. గొంతు అదే.

"శ్రమేం లేదు, రండి."

"వద్దు, వద్దు."

"మీరు రావాల్సిందే మాస్టారూ."

 "సరే అయితే, వస్తాను" అన్నారు. ఫోన్ పెట్టేయడం తెలియక అలాగే వదిలేసినట్టున్నారు. పక్కనున్న నర్సును జర్మన్‌లో అడుగుతున్నారు, నా టోపీ ఎక్కడ పెట్టారు, పొద్దున్నే వెళ్ళాలి అని.