అరిష్టం వడియాలు

నా చిన్నప్పుడు కాని కాలంలో ఎండ కాస్తే మా ఊళ్ళో గుమ్మడికాయలు పగిలేవి. రేపటి ఎండ సంగతి అరచేతిలోని ఫోనే చెప్పేస్తున్న ఈ రోజుల్లో, అబూధాబీలో కాపురముంటూ మీరింకా కాయలెందుకు పగలగొడుతున్నారు?

ఊరికే అడగడం లేదు. ఈ ఆదివారం మన తెలుగువాళ్ళం సముద్రం ఒడ్డున వనభోజనాలు పెట్టుకున్నాం. చల్లబడిన నవంబరు కాస్తా నెలాఖరుకు మళ్ళీ వేడెక్కింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని పిల్లలు గంతులేస్తున్నారు. ఇంతలో, ఈ ఎండ అరిష్టమనీ, గుమ్మం ముందు బూడిదగుమ్మడికాయ కొట్టి ఇంట్లోనే కూర్చోవాలనీ మన గ్రూపులో ఎవరో పెట్టారు. అంతే, సగంమంది వెనక్కి తగ్గారు. బనియాస్‌లో ఒకరింట్లో వంటచేసే మా కోనసీమ అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది.

"ఖలాసేనండి అమ్మమ్మగారూ! వనభోజనాలు లేవంటండి. మా మేడమ్‌ని ఎంత బతిమాలితే ఇచ్చిందండీ ఈ సెలవు! మళ్ళీ అడిగితే ఇస్తదాండి?"

ఆ పిల్ల గొంతు వింటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

అప్పుడూ ఇంతే. కార్తీకమాసం చివర చలికి దుప్పట్లు బయటికి తీశాక, ఉన్నట్టుండి వేసవిలా కాసింది. మా వీధి చివర శకునాలు చెప్పే తాతగారొకాయన ఉండేవారు. ఆయన ఆకాశంకేసి చూసి, ఇంటికో గుమ్మడికాయ ఏటిగట్టున పగలగొట్టాలనీ, తోటలో వనభోజనాలు మానేయాలనీ తేల్చేశారు. ఏడాదంతా ఆ ఒక్కరోజు కోసం కాచుకున్న పిల్లలం గొల్లుమన్నాం.

మా అమ్మమ్మ ఆయనతో వాదించలేదు. కొంగు నిండుగా కప్పుకుని, ఆయనకంటే ఎక్కువ భయపడిపోయింది. "పగలగొడితే ఆ అరిష్టం ముక్కలై ఊరంతా చిందదా బావగారూ? కాయలు నాకివ్వండి. ఎండతో వచ్చినదాన్ని ఎండలోనే పెట్టి చంపుతాను" అంది. శకునానికి శకునమే అడ్డం తగిలేసరికి ఆయన సరేననక తప్పలేదు. సాయంత్రానికి మా అరుగంతా గుమ్మడికాయలే.

అమ్మమ్మ వాటిని సన్నగా తరిగి, ఉప్పు వేసి, మూటగట్టి, పైన రోటి పొత్రం పెట్టి నీరు దించింది. మినప్పిండి, పచ్చిమిర్చి కలిపి డాబా మీద తడిపంచెల నిండా వడియాలు పెట్టింది. కాకుల్ని తోలడం మా పిల్లల పని. ఆ నులివెచ్చని ఎండ వీపుకు ఎంత హాయిగా ఉండేదో! అరిష్టం అంత సుఖంగా ఉంటుందని మాకెవరూ చెప్పలేదు.

వడియాలు ఎండాయి కనక అరిష్టం చచ్చిందని అమ్మమ్మే ప్రకటించింది. వనభోజనాలు జరిగాయి. పప్పుచారులో నాలుగో వడియం నములుతూ, ఇంత రుచేమిటమ్మా, ఇవేం వడియాలని తాతగారు అడిగారు.

"అరిష్టం వడియాలు, బావగారూ."

ఆయన చెయ్యి విస్తరికీ నోటికీ మధ్య ఆగిపోయింది. తర్వాత విస్తరి ముందుకు జరిపి, "ఇంకో రెండు వెయ్యి" అన్నారు.

ఆ తర్వాత హేతువాద సభల్లో ఎందరితోనో గొంతు చించుకుని వాదించాను. ఆ వడియమంత పదునైన వాదం నాకు ఇప్పటికీ దొరకలేదు. ఈనాటికీ ఎవరైనా అరిష్టం అంటే నాకు భయం వెయ్యదు, ఆకలేస్తుంది.

ఆ అమ్మాయిని సెలవు వదులుకోవద్దన్నాను. వస్తోంది. ఇక మీ వంతు. గుమ్మం ముందు కొట్టబోయే ఆ కాయను ఇవాళే నా బాల్కనీకి తెచ్చివ్వండి. ఆదివారం విస్తరి ముందు కూర్చోండి.