మెయిన్ దించే చెయ్యి

జనవరి వచ్చిందంటే నాకు గీజర్ల గోస. చిక్కడపల్లిల నా దుకాణం షటర్ ఎత్తకముందే నలుగురు నిలబడి ఉంటరు. ఒకరి గీజరు కాగుతలేదు, ఒకరిది కారుతున్నది, ఇంకొకరిది షాక్ కొడ్తున్నది. పది నెలలు దాని మొకం చూడరు, చలి పుట్టంగనే ఉప్పలయ్య ఏడున్నడని దేవులాడ్తరు. ముప్పై ఏండ్ల సంది ఇదే కథ. మోకాళ్లు అరిగినయి. ఎవరింట్లనన్న మెట్లు చూస్తెనే పానం ఉసూరుమంటది.

గసొంటి టైంల కమలాకుమారి మేడమ్ ఫోన్ చేసింది. అశోక్ నగర్ల మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు.

"ఉప్పలయ్య గారూ, ఒక హీటింగ్ పని ఉంది. రాగలరా?"

"గీజరేనా మేడమ్?"

"కాదండీ. బల్లి పిల్లలకి."

ఫోన్ చెవి మీదికెల్లి తీసి ఒకపాలి చూసిన. ముప్పై ఏండ్లల కోడిపిల్లలకు బల్బు పెట్టిన, ఒక సేటు చేపల తొట్టికి రాడ్ పెట్టిన. బల్లులకు వేడి పెట్టమన్నోళ్లు లేరు. మా ఇంట్ల బల్లి మీద పడితే మా అమ్మ నెత్తి మీదికెల్లి స్నానం చేసేది. ఈమెకేమో అది చలికి వణుకుతదని ఫికరు. అయినా పోయిన. ఆమె అడిగితే కాదనబుద్ధి కాదు.

మేడమ్ అంటే టీచరమ్మ కాదు. నారాయణగూడల ఒక కాలేజీల జువాలజీ ల్యాబ్ అటెండరు. ముప్పై నాలుగేండ్లు చేసి రిటైరైంది. పిల్లలు మేడమ్ మేడమ్ అని పిలిచీ పిలిచీ అదే పేరైపోయింది. వాళ్ల నాయన రాష్ట్రం కలిసినప్పుడు ఏలూరు దిక్కుకెల్లి సర్కారు నౌకరికి వచ్చిండట. ఆమె పుట్టింది ఈడనే, చదివింది ఈడనే, మాట మాత్రం ఇంట్ల నేర్చుకున్న గోదావరి మాట. పెండ్లి చేసుకోలే. ఎందుకని నేను అడగలే, ఆమె చెప్పలే. కప్పలు, తొండలు, పాములు, ఏది ల్యాబ్‌కు వచ్చినా ఆమె చేతి మీదికెల్లే పోవాలె. చంపుడు, కుళ్లకుండ సీసాల మందు పోసి పెట్టుడు, చీటీ రాసి అంటించుడు. ఆ మందుకు వేళ్ల కొసలు పగిలి పగిలి మొద్దువారినయి. నేను వైరు తాకి వేడి చెప్త, ఆమెకు చాయ్ గ్లాసు వేడి కూడా ఎరుక కాదు.

బల్లులు ఎట్ల వచ్చినయంటే, ఆమె దగ్గర ప్రాక్టికల్స్ చేసిన పిల్ల పల్లవి ఇప్పుడు నల్లకుంటల జంతువుల డాక్టరు. ఎవరో పెంచలేక వదిలేసిన జంటను కాగితాలతో సహా తెచ్చి మేడమ్‌కు ఇచ్చింది. మన గోడ మీది బల్లులు కావవి. విదేశీ జాతి, గోడ ఎక్కవు, నేల మీద పిల్లి లెక్క నడుస్తయి. అవి గుడ్లు పెట్టినయి. నవంబర్ల తొమ్మిది పిల్లలైనయి, వేలెడంత, పసుపు మీద నల్లపట్టీలతోటి.

నేను పోయేసరికి మేడమ్ కండ్లు లోపలికి పోయి ఉన్నయి. పిల్లలన్నిటినీ ఒక థర్మోకోల్ డబ్బాల చిన్న చిన్న గిన్నెలల్ల పెట్టి, చుట్టూ వేడినీళ్ల సీసాలు పేర్చింది. మూడు గంటలకొకసారి సీసాలు మార్చుడు. రాత్రి కూడా. ఐదు వారాల సంది గదే పని.

"ఎందుకు మేడమ్ గింత తిప్పలు? డాక్టరమ్మకే ఇచ్చెయ్యరాదు?" అన్న.

ఆమె సీసా మూత బిగించుకుంటనే చెప్పింది. "నా చేతికొచ్చిన ప్రాణి ఒక్కటి కూడా బతికి బయటికెళ్లలేదు ఉప్పలయ్య గారూ. ముప్పై నాలుగేళ్లలో ఒక్కటంటే ఒక్కటి. ఈ తొమ్మిదీ బతకాలి. ఈ చలికాలం దాటితే చాలు."

సంచి భుజానికేసుకోని, పని ఏడనో చూపియ్యుమన్న.

చిన్న రూములకు తీస్కపోయి చూపించింది. ఇంట్ల పాత పుస్తకాల అలమర. తలుపులు పీకేసి, సుల్తాన్ బజార్ల కొన్న ప్లాస్టిక్ డబ్బాలు అరకు మూడు చొప్పున సొరుగుల లెక్క జొరేటట్టు పలకలు కొట్టింది. గాలి కోసం డబ్బాలకు బొక్కలు పెట్టింది. మొన్న నా దుకాణంల సోల్డరింగ్ ఐరన్ అడిగి తీస్కపోతే రేడియో రిపేరేమో అనుకున్న. ప్లాస్టిక్ కాలిన వాసన రూముల ఇంక పోలే. చెప్పొద్దూ, పనితనం బాగున్నది. కొలతలు నాకంటె పక్కాగ తీసింది.

"మూడు బల్బులు పెడ్త, ఒక్క పూట పని," అన్న.

"వెలుతురు ఉండకూడదండీ. వేడి కూడా మొత్తం పరుచుకోకూడదు. డబ్బాకి వెనక భాగం వెచ్చగా, ముందు భాగం చల్లగా ఉండాలి. ఎటు కావాలంటే అటు అదే వెళ్తుంది."

నాకు మండింది. నేనుండేది రేకుల రూము. ఎండకాలం నిప్పులు, చలికాలం మంచు, నేనెటు జరగాలె? బల్లికేమో ఒక్క డబ్బాల రెండు కాలాలు. గదే మాట ఆమెతోని అన్న. నవ్వింది పాపం, నవ్వేటందుకు కూడా ఓపిక లేదామెకు.

రెండు రోజులు పట్టింది. ఒక్కో అర వెనక భాగంల ఉలితోటి గాడి తీసి, హీటింగ్ వైరు ఒకదాన్నొకటి తాకకుండ తిప్పి, మీద అల్యూమినియం టేప్ అంటించిన. వేడి ముప్పై రెండు దాటితే ఆపి, తగ్గితే మళ్ల ఇచ్చే థర్మోస్టాట్ కట్టి, దాని కొస డబ్బా అడుగున కూసోబెట్టిన. మోకాళ్ల మీద కూసోని చేసే పని, లేచేటప్పుడు అలమర పట్టుకోని లేచుడే. మేడమ్‌కు ఒక్కటే భయం, కరెంటు పోతే ఎట్ల అని. ఇన్వర్టర్ మీదికి లైన్ గుంజిన. పోయినా ఎనిమిది గంటలు ఢోకా లేదని చెప్పిన.

ఆఖరికి స్విచ్. పని నీట్‌గ ఉండాలె గద. తలుపు పక్కనే, చెయ్యి అందే ఎత్తుల, ఎర్రలైటున్న మంచి స్విచ్ పెట్టిన. ముప్పై ఏండ్ల సంది ఏ ఇంట్లనైనా గాడనే పెడ్త. ఎవరన్న అట్లనే పెడ్తరు.

సాయంత్రం పిల్లలను ఒక్కొక్కదాన్ని కొత్త డబ్బాలల్లకు మార్చింది. పక్కింటి పిల్లి తలుపు తోసుకోని వస్తదని ఆ రూముకు కొత్తగ గొళ్లెం, తాళం కూడా నేనే పెట్టిన, నా అంత తెలివిగల్లోడు లేడనుకున్న. "ఇయ్యాల సీసాలు లేవు మేడమ్, మంచిగ పండుకో," అని చెప్పి మెట్లు దిగిన.

తెల్లారి ఆరున్నరకు ఫోన్.

"ఉప్పలయ్య గారూ, ఆపేశాను." గంతే. పెట్టేసింది.

జాయింట్ ఏదన్న కాలిందేమో అని ఉరికిన. అశోక్ నగర్ గల్లీలల్ల గా టైముకే పోరగాండ్లు స్టడీ హాళ్లకు పోతున్నరు, జిరాక్స్ దుకాణాలు తెరుస్తున్నరు. మూడంతస్తులు ఎట్లెక్కిన్నో నాకే తెల్వదు. వైరు కాలలే. ఫ్యూజ్ పోలే. రాత్రంతా కరెంటు ఒక్క నిమిషం కూడా పోలే.

మేడమ్ అలమర ముంగట పీట మీద కూసోని ఉన్నది. తొమ్మిది డబ్బాలు బయటికి గుంజి ఉన్నయి. పిల్లలు ఎక్కడియక్కడ బిగుసుకోని పడి ఉన్నయి, ముట్టుకుంటె సల్లగ, రబ్బరు ముక్కల లెక్క.

"తాళం వేశానండీ," అన్నది. "ల్యాబ్‌కి తాళం వేసే ముందు మెయిన్ దించాలి. ముప్పై నాలుగేళ్లు ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. మెచ్చుకునేవారు కూడా. రాత్రి తలుపు వేశాను, చెయ్యి దానంతటదే గోడ మీదికి వెళ్లింది. స్విచ్ అక్కడే ఉంది. ఆపేశాను, తాళం వేశాను, వెళ్లి పడుకున్నాను. ఐదు వారాల తర్వాత హాయిగా నిద్ర పట్టింది."

నా మీద నాకే కోపం వచ్చింది. తలుపు పక్కన పెట్టుమని ఎవడు చెప్పిండు నాకు? అలమర వెనక పెడితే ఏం పోయేది?

ఆమె ఒళ్లె తెల్లకాయితం ముక్కలున్నయి. చూస్తె చీటీలు. గుండ్రటి అక్షరాలతోటి జాతి పేరు, తేదీ. తొమ్మిది రాసి పెట్టుకున్నది. చచ్చినయని ఎవ్వరూ చెప్పకముందే.

స్విచ్ తనే మళ్ల వేసిందట. పల్లవి డాక్టరమ్మకు కూడా ఫోన్ చేసింది. పొయ్యి దగ్గర పెట్టొద్దు, ఒక్కసారి కాచొద్దు, థర్మోస్టాట్ పని చేస్తె చాలు, డబ్బాలు లోపలికి తోసి రెండు మూడు గంటలు చూడుమన్నది డాక్టరమ్మ. నేనే తోసిన.

ఊకె కూసుంటె మనసు నిలుస్తలేదు. మేడమ్ గోడ దిక్కు చూసి, "ఆ స్విచ్ తీసెయ్యండి," అన్నది.

"వేరే తాన పెడ్త మేడమ్."

"ఎక్కడా వద్దు. నా చేతికి దొరక్కూడదు."

స్విచ్ లేకుండ డైరెక్ట్ లైన్ నేను జన్మల ఇయ్యలే. మెకానిక్ అన్నోడు ఇయ్యొద్దు. కింద మీటర్ బోర్డుల ఎంసీబీ ఉన్నది గదా, షార్ట్ అయితే అది పడ్తదని నాకు నేనే చెప్పుకోని స్విచ్ పీకి, వైర్లు కలిపి, మీద ఉత్త ప్లేట్ బిగించిన. ఆమె లేచి వచ్చి ఆ ప్లేట్ మీద చెయ్యి పెట్టి చూసుకోని మళ్ల పోయి కూసున్నది.

తొమ్మిదింటికి రెండో అరల ఒకటి తోక కదిలించింది. నేను చెప్పకముందే మేడమ్ చూసింది. ఒక చీటీ తీసి చింపింది. పావుగంటకు ఇంకొకటి కండ్లు తెరిచింది, ఇంకొక చీటీ. పదిన్నర అయ్యేసరికి ఎనిమిది చీటీలు చిరిగినయి. పిల్లలు ఒక్కొక్కటి వెచ్చటి దిక్కు పాకి, కడుపు ఆనిచ్చి పండుకున్నయి. నా కండ్లల్ల నీళ్లొచ్చినయి, సిగ్గేముంది.

తొమ్మిదోది కదలలే. అన్నిట్ల చిన్నది, పుట్టినకాడికెల్లి తిండి సరిగ తినేది కాదట. పన్నెండు దాకా చూసినం.

"చచ్చినవాటితో ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు," అన్నది మేడమ్. "ఇంట్లో మందు లేదు. ఉన్నా పొయ్యను. ఉప్పలయ్య గారూ, మట్టిలో ఎలా పెడతారు?"

అరవై రెండేండ్ల మనిషి అడిగే మాటనా అది. ఆమె చేతుల ఎన్ని పానాలు పోయినయో లెక్క లేదు, ఒక్కదాన్ని కూడా మట్టిల పెట్టలే.

మిద్దె మీదికి పోయినం. కరివేపాకు కుండీల స్క్రూడ్రైవర్‌తోటి నేను గుంత తవ్విన. దక్షిణం దిక్కు తల పెట్టాలె మేడమ్ అని చెప్పిన. ఆమె కుండీ పక్కన కూసోని పిల్లను గుంతల పెట్టింది. వెల్లకిల పెట్టింది, నాలుగు కాళ్లు పక్కలకు జరిపి. ల్యాబ్‌ల కప్పలను కోసేటందుకు ట్రేల అట్లనే పండబెడ్తరు. ఆమె దాన్నే చూసి, వేలు కిందికి పోనిచ్చి మెల్లగ బోర్ల తిప్పింది. కాళ్లు కడుపు కిందికి సర్దింది, తోక చుట్టూ మలిపింది.

"ఇలా పడుకుంటాయి," అన్నది. "నాకు రెండు నెలల కిందటే తెలిసింది."

మట్టి కప్పుడు ఆమెతోని కాలే. నేనే కప్పిన.