బాణం గీతలు

మా అక్క మొగుడు ఒక టైర్ల షాపులో టైర్లు బిగించే మేస్త్రీ. అదే షాపులో నేను బిల్లులు రాసేదాన్ని కాబట్టి, ఇంట్లో బావ, షాపులో మేస్త్రీ గారు అని పిలవాలనేది రూలు. ఆ రూలు నేనొక్కరోజు కూడా పాటించలేదు. మిగతా ఊరంతా మాత్రం "గీతల సిద్ధాంతి" అనేవారు. అరిగిన టైరును బొటనవేలితో తడిమి, జాతకం చెప్పినట్టు చెప్పేవాడు. "మధ్యలో అరిగింది, గాలి ఎక్కువ కొట్టిస్తున్నారు. ఈ అంచున నున్నబడింది, చక్రం వంకరగా నడుస్తోంది."

నన్ను చేసుకుంటానని మా ఆయన మొదటిసారి ఇంటికొచ్చిన రోజున, మనిషితో మాట్లాడకముందే గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు తిరగేసి చూశాడు బావ. "మడమల దగ్గర సమానంగా అరిగాయే. నిదానస్తుడు, చేసుకో" అన్నాడు. చేసుకున్నాను. నిదానం మాటకొస్తే, మా ఆయన ఇప్పటికీ స్నానానికి వెళ్తే యుగాలు గడుస్తాయి.

షాపుకి ఎవరొచ్చినా బావ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "బండి ఎక్కడెక్కడికి తిరుగుతుంది?" టైరు అడిగితే ఊసులు అడుగుతాడేంటని కొందరికి చిర్రెత్తేది. సరైన జవాబు రాందే బావ టైరు చూపించేవాడు కాదు. ఊళ్ళో ఇంటికీ ఆఫీసుకీ తిరిగే బండికి చుట్టూ సాగే నిలువు గీతలు; చప్పుడుండదు, మెత్తగా పోతుంది. మట్టిదారుల్లో దిగే బండికి పెద్ద పెద్ద బటన్లున్న టైరు. తారురోడ్డెక్కితే అది గోల పెడుతుందని ముందే చెప్పేవాడు. వానల్లో దూరాలు పోయే బండికి బాణం గీతలు. మధ్యలోంచి రెండు పక్కలకీ వాలుగా విచ్చుకునే ఆ గీతలు నీళ్ళని బయటికి చిమ్ముతాయి. అయితే ఆ టైరు ఒకే దిక్కుకు తిరగాలి. ఎటు తిరగాలో దాని పక్కన చిన్న బాణం గుర్తు అచ్చుపోసి ఉంటుంది. తిరగేసి బిగిస్తే నీళ్ళన్నీ టైరు కిందికే చేరి, బండి తేలిపోతుంది.

గీతలన్నీ అరిగి టైరు గుండయ్యాక వచ్చేవాళ్ళంటే బావకి ఒళ్ళు మంట. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అని దులిపేసేవాడు. అలాంటి మనిషి తన కళ్ళ సంగతి పట్టించుకోలేదు. పక్కనుంచి వచ్చేవాళ్ళని గుద్దుకుంటూ, బల్ల అంచులు తగిలించుకుంటూ, "వయసు" అని నవ్వేసేవాడు. చివరికి అక్క పోరు పడలేక వెళ్తే, నీటికాసులన్నాడు డాక్టరు. చూపు అంచుల్నుంచి లోపలికి చచ్చిపోతూ వస్తుందట. మందు చుక్కలు వేస్తే మిగిలింది కొన్నాళ్ళు నిలవొచ్చు గానీ, పోయింది మాత్రం రాదట. ఆ రోజు బావ మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఏడుపు కూడా వచ్చింది, దాన్ని దారిలోనే కానిచ్చేశాను.

"ఓనరుకి చెప్పకే మరదలా" అన్నాడు. "నా బొటనవేలికి కళ్ళున్నాయి. పని పోతే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. రేపు అవి కూడా కనపడవు."

బాణం గుర్తు టైరు మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. మొన ఎటుందో వేలితో తడిమి చూసుకుని బిగించేవాడు. అలా చాలాకాలం నడిచింది.

ఒక వానాకాలం ఒక నర్సమ్మ కారు తీసుకొచ్చింది.

"ఎక్కడెక్కడికి తిరుగుతుందమ్మా?"

"కొండమీది ఆస్పత్రికండీ. వానైనా వరదైనా తప్పదు."

బాణం గీతలే అన్నాడు బావ. ఆమెకి సరైన టైరు అదే. కాకపోతే అది కొత్తగా వచ్చిన రకం. దాని బాణానికి వెనక చీలిన తోక ఒకటి పోసి ఉంది, మొనకన్నా వెడల్పుగా. ఆ తోకనే మొన అనుకుంది బొటనవేలు. నాలుగు టైర్లూ తిరగేసి బిగించేశాడు.

కొద్దిరోజులకే ఆమె మళ్ళీ వచ్చింది. కారు ముందుభాగం నొక్కుకుపోయి ఉంది. మలుపులో నీళ్ళమీద జారి రాతిగోడకి తగిలిందట. "నాకేం కాలేదులెండి" అంది, అదేదో తన తప్పయినట్టు.

ఓనరు చెడ్డవాడు కాదు. వంగి టైరు చూశాడు, లేచాడు. "మేస్త్రీ గారూ, ఈ బాణం ఎటు చూస్తోంది?"

"ముందుకేనండి."

అది వెనక్కి చూస్తోంది. అక్కడున్న అందరికీ కనిపిస్తోంది. ఓనరు మెల్లగా చెయ్యెత్తి బావ చెంప పక్కన ఆడించాడు. బావ రెప్పవేయలేదు. ఓనరు ఇంకేమంటాడోనని వింటూ అలాగే నిలబడ్డాడు. ఆ క్షణాన భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"రేపట్నుంచి మీకు కుర్చీ వేయిస్తాను. కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడండి చాలు" అన్నాడు ఓనరు.

"మూల కూర్చోబెట్టేది స్టెప్నీనండి" అన్నాడు బావ. "దాన్నైనా ఎప్పుడో ఒకప్పుడు బిగిస్తారు."

ఇంటికెళ్ళే దారంతా బావది ఒకటే మాట. "ఆ నర్సు పిల్ల పోయుంటే?" నేనేం చెప్పినా చెవికెక్కలేదు. మర్నాటినుంచి షాపు గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు మధ్యలో తాళంచెవి కన్నమంత చూపు మిగిలింది. మొన్న స్నానాలగదిలో జారిపడితే, చెప్పులు కొనిపెడదామని చెయ్యి పట్టుకుని బజారుకి తీసుకెళ్ళాను. అలవాటు పోలేదు. ఒక్కో చెప్పూ తిరగేసి అడుగు తడిమాడు. "ఇవి బాణం గీతలే మరదలా!" అన్నాడు. మొహం కాస్త వెలిగింది, నాకూ ప్రాణం లేచొచ్చింది. అప్పుడే చెప్పులమ్మే అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది.

"ఎక్కడెక్కడికి తిరుగుతారండీ?"

బావ చెప్పు కింద పెట్టేశాడు. ఆ ప్రశ్నకి సరైన జవాబు రాబట్టందే ఎవరినీ వదలని మనిషి కదా, చాలాసేపు ఆలోచించాడు.

"మంచం దగ్గర్నుంచి గుమ్మందాకా" అన్నాడు. "ఏదో ఒకటి ఇచ్చెయ్యమ్మా."