వెయ్యి అడుగుల ఫొటోగ్రాఫరు

మా తమ్ముడు జీవితంలో సాధించిన మొదటి ఘనవిజయం ఒక తొండ.

దాన్ని సాధించడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. వెనక సందులో ఒక పాత ఇటుకల గోడ మీదికి అది రోజూ పొద్దున్నే ఎండ కాచుకోవడానికి వచ్చేది. వీడు కెమెరా ఎత్తగానే పగుల్లోకి దూరేది. పంతొమ్మిదో నాడు వీడికి తుమ్ము వచ్చింది. ముక్కు పట్టుకుని, తుమ్ము మింగి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా క్లిక్‌మనిపించాడు. తొండ ఎర్రటి గొంతు ఉబ్బించి, సన్మానసభలో ముఖ్య అతిథిలా తల ఎత్తి కూర్చుంది. ఆ ఫొటో దినపత్రికలో నాలుగో పేజీ అడుగున, కుడివైపు మూల అచ్చయింది. దాన్ని కత్తిరించి అట్టకి అంటించి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అడిగినవాళ్ళకీ చూపిస్తాను, అడగనివాళ్ళకీ చూపిస్తాను.

మావాడికి ఒకే ఒక్క పిచ్చి. వెయ్యి అడుగులు దాటితే ఫొటో తీయడు. లోపల ఉన్నదాన్ని చీమైనా వదలడు, అవతల ఏనుగు నాట్యం చేస్తున్నా తీయడు. తీసిన ప్రతి ఫొటో వెనకా పేరు రాయడు, ఊరు రాయడు, తేదీ రాయడు. అడుగుల సంఖ్య రాస్తాడు.

పోనీ ఆ అడుగులైనా మనుషులు వేసే అడుగులా? మావాడు ఆరడుగుల మనిషి. మామూలుగా నడిస్తే పక్కన నేను పరిగెత్తాలి. కొలత మొదలుపెట్టాడంటే మాత్రం మడమకి బొటనవేలు ఆనించినంత పని చేసి, చీమ కూడా విసుక్కునేలా జరుగుతాడు. వీధి వీధంతా పని ఆపి చూసేది.

"ఏమండీ, మీ తమ్ముడికి చెప్పులు బిగువా?" అనేవాడు ఎదురుగా ఉన్న సెలూన్ ఆయన, కత్తెర గాల్లో ఆపి.

"అది కొలత. నీకు అర్థం కాదులే, క్షవరం చూసుకో" అనేవాణ్ణి నేను.

"నేను గడ్డం గీసి, జుట్టు కత్తిరించి, పౌడరు రాసి పంపించేశానండీ. ఈయన ఇంకా మా షాపు దాటలేదు!"

మా ఆవిడ సంగతి సరేసరి. "కొత్త పెళ్ళికూతురు కూడా ఇంకాస్త పెద్ద అడుగు వేస్తుంది మరిదీ" అనేది. వాడు నవ్వి, "లెక్క తప్పించకు వదినా, రెండొందల పదహారు" అని జరిగిపోయేవాడు.

వాడి ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించడం. షాపు పదిన్నరకి తెరుస్తారు. తెల్లవారింది మొదలు పదిన్నర దాకా వాడిది వేరే ప్రపంచం. ఆ కాస్త సమయంలోనే వాడు సాధించినవి చెబుతాను వినండి. ముంగిసమ్మ వెనక నాలుగు పిల్లలు రైలుపెట్టెల్లా గేటు దాటుతున్న ఫొటో. పోస్టు డబ్బాలో కాపురం పెట్టిన కందిరీగలు. మేడమీది నీళ్ళగొట్టంలోంచి మొలిచి, ఎవరూ నీళ్ళు పోయకుండానే మూడు కాయలు కాసిన బొప్పాయి. సెలూన్ బోర్డులో 'సె'కీ 'లూ'కీ మధ్య పిచ్చుక గూడు. ఇదెప్పుడు పెట్టిందో రోజూ ఆ బోర్డు కిందే కూర్చునే సెలూన్ ఆయనకే తెలియదు. ఇన్ని అద్భుతాలు మా వీధిలోనే ఉన్నాయని మాకెవరికీ తెలియదు. ముప్పై రెండేళ్ళు బస్సు డిపోలో టైంకీపరుగా చేసి, వచ్చే బస్సూ పోయే బస్సూ చూసినవాణ్ణి నేను. మా గేటు దాటే ముంగిసని మాత్రం చూడలేదు.

ఒకే ఒక్క విషయం నన్ను కొరుక్కుతినేది. వాడి లెక్కలు.

నేను చదివింది పల్లెటూరి బడిలో ఏడో తరగతి వరకే. అయితేనేం, ఇరవయ్యో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్పగలను. అలాంటి నా కళ్ళముందు వాడు తొండ ఫొటో వెనక ముప్పై ఒకటి అని రాశాడు. మా గుమ్మం నుంచి ఆ గోడకి నా అడుగులతో కొలిచాను, నూట యాభై. వాడి అడుగులతో అయితే మూడొందలు దాటాలి. ముప్పై ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చింది?

"నీకు లెక్కలు రావురా" అన్నాను.

"రావన్నయ్యా" అన్నాడు, దణ్ణం పెట్టేసి. అంత తేలిగ్గా ఒప్పుకునేవాడితో పోట్లాడటం ఎలా?

ఏడాది తిరిగేసరికి ముప్పై ఒకటి కాస్తా ఎనభై ఎనిమిది అయింది, నాలుగొందల పన్నెండు అయింది, తొమ్మిది వందలు దాటింది. ఒకరోజు లైబ్రరీ వెనక కాలవ గట్టున లకుముకిపిట్ట చేపని నోట కరుచుకుని కూర్చుంది. నీలిరంగు రెక్కలు ఎండలో మెరుస్తున్నాయి. పక్కన నేనున్నాను. వాడు కొలుచుకుంటూ వెళ్ళి, లైబ్రరీ మెట్ల దగ్గర టక్కున ఆగిపోయాడు.

"తియ్యరా! తియ్యి! అది నీ కోసమే కూర్చుంది!"

"ఇక్కడికి వెయ్యి అన్నయ్యా. అది వెయ్యీ నలభైలో ఉంది."

"నలభై అడుగులకి ఇంత పట్టింపా?"

"పట్టింపే" అన్నాడు. లకుముకిపిట్ట మా ఇద్దరినీ చూసి, చేప మింగి, ఎగిరిపోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇలా ఉండగా వాడి నాలుగొందల పన్నెండో నంబరు దేశం మీద పడింది. అది పిండిమర గోడ కన్నంలో కూర్చుని, నోరంతా తెరిచి ఆవులిస్తున్న గుడ్లగూబ. పిండి పడి మొహం తెల్లగా, మా హెడ్మాస్టరుగారిలా ఉంటుంది. దాన్ని నేనే, వాడికి చెప్పకుండా, ఒక పక్షుల సంఘానికి పంపాను. వాళ్ళు నాలుగువందల ఫొటోల్లోంచి మావాడిదే ఎంచుకున్నారు. అంతటితో ఆగలేదు. దూరాన ఒక పెద్ద సరస్సుకి చలికాలంలో వేలకొద్దీ వలసపక్షులు వస్తాయట. వాటిని ఫొటోలు తీయడానికి ఇరవై రోజులు తమతో రమ్మని ఉత్తరం రాశారు. దేశం మొత్తం మీద ఆరుగురిని పిలిస్తే అందులో మావాడొకడు. ఇరవై ఆరో తేదీలోగా జవాబు పోస్టు చెయ్యాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి.

ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాను. వాడు శ్రద్ధగా విని అడిగాడు.

"ఎంత దూరం అన్నయ్యా?"

"రైల్లో ఒక పగలంతా."

"అయితే వెయ్యి దాటుతుంది."

"దాటక! లక్షలు దాటుతుంది!"

"అయితే కుదరదు" అని అద్దాలు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని షాపుకి వెళ్ళిపోయాడు.

బతిమాలాను. తిట్టాను. మా ఆవిడ చేత చెప్పించాను. వాడు నవ్వుతాడే తప్ప కదలడు. ఇరవై నాలుగో తేదీ వచ్చేసింది. ఇక నాకు తెలిసింది ఒకటే విద్య, లెక్క. వీడి వెయ్యి ఎక్కడ మొదలవుతుందో తేల్చేస్తే వీడి పిచ్చికి మూలం దొరుకుతుందనుకున్నాను. లెక్క ముందుకి కుదరకపోతే వెనక్కి చెయ్యమని మా బడిలో నేర్పారు.

తెల్లవారగానే పిండిమర గోడకి వీపు ఆనించి నిలబడి, వాడి చీమ నడకతో, వాడు వెనక సందులోంచి వచ్చే దారినే నాలుగొందల పన్నెండు వెనక్కి కొలిచాను. మోకాళ్ళు పట్టేశాయి. సెలూన్ ఆయన షట్టరు ఎత్తుతూ చూసి, "అయ్యో, అన్నగారికి కూడా అంటుకుందే!" అన్నాడు. పట్టించుకోలేదు. సందులో ఇంకా నాలుగు అడుగులు మిగిలుండగానే ఒక నీలంరంగు తలుపు అడ్డొచ్చింది. వెంటనే వెళ్ళి పోస్టు డబ్బా దగ్గర మొదలుపెట్టి ఇంకో లెక్క వెనక్కి కొలిచాను. అదే తలుపు. తొండ గోడ నుంచి ముప్పై ఒకటి. అదే తలుపు!

అది లైబ్రరీ అమ్మగారి ఇల్లు.

ఆవిడ మా లైబ్రరీని ముప్పై ఎనిమిదేళ్ళు నడిపింది. గొంతు పెంచింది ఎవరూ వినలేదు. ఒక్క 'ష్' అంటే చాలు, గోడ గడియారం కూడా మెల్లగా కొట్టుకునేది. రెండేళ్ళ క్రితం స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగిందని, బయటికి రావడం మానేసిందని విన్నాం. వెళ్ళి పలకరించే ధైర్యం ఎవరికీ లేక ఊరుకున్నాం.

తలుపు తట్టాను. లోపల టక్, టక్ మని చప్పుడు. నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని ఆవిడే తెరిచింది.

"టైంకీపరుగారా! చెప్పులు బయట వదలండి. గొంతు కూడా."

లోపలికి అడుగుపెట్టి గోడ ముందే ఆగిపోయాను. గోడ పొడుగునా మావాడి ఫొటోలు. మొదటిది గడప మీద చీమల బారు, నంబరు నాలుగు. తర్వాత పూలకుండీ వెనక కప్ప, పదకొండు. ఆ తర్వాత మా తొండ.

"ఎనిమిది నెలలు మంచం దిగలేదండీ నేను" అంది ఆవిడ కుర్చీలో కూర్చుంటూ. "నడవమని డాక్టరు తిట్టేవాడు. మా అమ్మాయి ఏడ్చేది. ఎక్కడికని నడవాలి, అక్కడేముందని నడవాలి అనేదాన్ని. కొత్త కళ్ళజోడు ఇవ్వడానికి మీ తమ్ముడు వచ్చాడు. అది విన్నాడు. మర్నాడు ఆ చీమల ఫొటో తెచ్చి చేతిలో పెట్టాడు. 'ఇవి మంచానికి నాలుగు అడుగుల్లో ఉన్నాయండీ, మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోతాయి' అన్నాడు."

"లేచారా?"

"లేవకేం చేస్తాను? చీమలు నా గడప మీద ఏం మోసుకుపోతున్నాయో నాకు తెలియొద్దూ?"

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

"నా అడుగు ఎంతో అంతే కొలిచేవాడు. పదకొండుకి రావడానికి వారం పట్టింది. తొండ దాకా వెళ్ళడానికి నెల. లైబ్రరీ మెట్లకి సరిగ్గా వెయ్యి. అక్కడికి చేరేదాకా అంతకి మించి ఆశపెట్టనని మాటిచ్చాడు. వీధిలో జనం లేవకముందే నడుస్తాం. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే. ఇంతమందిని అదిలించినదాన్ని, తడబడుతుంటే అందరూ చూడటం నాకిష్టం లేదు. ఇంతకీ మీరెందుకు వచ్చారు?"

జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చాను. పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. సరిగ్గా అప్పుడే, పొద్దుటి ఫొటో చూపించడానికి, కెమెరా మెడలో వేసుకుని మావాడు లోపలికి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"ఇది నాకెందుకు చెప్పలేదు?" అంది ఆవిడ, మెల్లగా. ఆ మెల్లదనానికే మా ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"వెయ్యి దాటుతుందండీ."

"ఎవరి వెయ్యి? నీదా, నాదా?"

వాడు నేల చూశాడు. "ఇరవై రోజులు ఆపేస్తే కాళ్ళు మళ్ళీ బిగుసుకుపోతాయండీ. ఇంత దూరం వచ్చి..."

"ఇప్పుడు ఎంతలో ఉన్నాం?"

"తొమ్మిది వందల నలభై."

"ఇంకా అరవై!" అన్నాను నేను చటుక్కున.

"మిమ్మల్ని అడగలేదు టైంకీపరుగారూ. లైబ్రరీ ఎన్నింటికి తెరుస్తారు?"

"పదింటికండీ" అన్నాం ఇద్దరం.

"అయితే పదింటికి వెళదాం."

"వీధి నిండా జనం ఉంటారండీ" అన్నాడు మావాడు.

"ఉండనీ."

పదింటికి బయల్దేరాం. ముందు ఆవిడ, పక్కన మావాడు గొణుక్కుంటూ లెక్కపెడుతూ, వెనక నేను. కూరలవాడు బేరం ఆపేశాడు. సెలూన్ ఆయన దువ్వెనతో బయటికి పరిగెత్తుకొచ్చాడు, వెనకాలే సగం గడ్డం నురగతో ఇంకొకాయన. "అమ్మగారూ..." అనబోయాడు. ఆవిడ చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది. అంతే, వీధి మొత్తం లైబ్రరీ అయిపోయింది. ఊతకర్ర చప్పుడొక్కటే వినిపించింది.

మెట్ల దగ్గర ఆవిడ ఆగింది. మావాడి మొహం పాలిపోయింది.

"ఏమైందిరా?"

"లెక్క తప్పిందన్నయ్యా! వెయ్యి రావాలి. ఎనిమిది వందల అరవై ఆరే వచ్చింది. మధ్యలో ఎక్కడ వదిలేశానో..."

లైబ్రరీ అమ్మగారు మొదటి మెట్టు మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, వాడి వంక జాలిగా చూసింది.

"లెక్క తప్పలేదోయ్. నా అడుగు పెద్దదైంది. నువ్వే ఇంకా నిరుటి అడుగు పట్టుకుని వేలాడుతున్నావు. వెళ్ళు, వెళ్ళి ఆ ఉత్తరానికి జవాబు రాయి."

వాడు ఆ సంఘంవాళ్ళకి జవాబు అక్కడే, లైబ్రరీ బల్ల మీద రాశాడు. నేను పక్కన నిలబడి అక్షరాలు సరిచూశాను. మా ఆవిడ వాడి పెట్టెలో ఉన్ని చొక్కాలు రెండు కుక్కింది. రైలెక్కించడానికి సెలూన్ ఆయన షాపు మూసి మరీ వచ్చాడు, వాడి జుట్టు తనే కత్తిరించాడు కూడా.

ఇప్పుడు పొద్దున్నే అమ్మగారితో నడిచే డ్యూటీ నాది. కాలవ గట్టు దాకా వెళుతున్నాం. నా నడక మెల్లగా ఉందని ఆవిడ విసుక్కుంటోంది. మావాడు ఉత్తరం రాశాడు. అక్కడ సరస్సంతా కొంగలూ బాతులేనట. తక్కిన అయిదుగురి దగ్గరా మోచెయ్యంత లెన్సులున్నాయట. అయినా గుడ్లగూబ ఆవులింత తీసినవాడెవడని అందరూ వీడి చుట్టూ చేరారట. చేరరా మరి? ఈ ఉత్తరం కూడా ఇప్పుడు జేబులోనే ఉంది, ఎవరడిగినా చూపిస్తాను. ఇంకా ఏమైనా తెలుసుకోవాలంటే వాణ్ణే అడగండి. వాడు తిరిగి వచ్చేది ఈ నెల ఇరవై మూడో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం రెండూ పది రైలుకి.