గుషేషేను లాక్కెళ్లిన రాదేబే

దక్షిణాఫ్రికాలోని సోవెటోలో కార్లను ట్రక్కుకు కట్టి లాక్కెళ్లే బొనకెలేకి మనుషుల మీద కన్నా గేర్‌బాక్సుల మీద జాలి ఎక్కువ. భార్య తాందేకా కాలు బెణికితే "నడిస్తే అదే సర్దుకుంటుంది" అన్న మహానుభావుడు, ఎవరైనా గేరు కీచుమనిపిస్తే మాత్రం చెవులు మూసుకునేవాడు. మనసు బాగున్నప్పుడు ఆమె అతన్ని వంశం పేరుతో "రాదేబే" అంటుంది. అసలు పేరు పెట్టి పిలిచిందంటే ఇక ఆ పూట పొయ్యి వెలగదు.

అతని ప్రాణస్నేహితుడు వుయిసిలేకి ఎర్రటి గుషేషే ఉండేది. అంటే పెట్టెలాంటి పాత బీఎండబ్ల్యూ కారు. మైదానంలో దాన్ని బొంగరంలా తిప్పి టైర్ల పొగ లేపడం వుయిసిలే పని. మైదానం దాకా గీత పడకుండా లాక్కెళ్లడం బొనకెలే పని. ఆ వుయిసిలే కాస్తా పోయాడు. "మా ఊళ్లో పూడ్చండి. మట్టి వేశాక మా అమ్మాయి జింట్లే చేత బండి తిప్పించు. తిప్పకపోతే నేను ఈ లోకం నుంచి కదలను" అని పోయే ముందు ఆస్పత్రి మంచం మీదే బొనకెలే దగ్గర మాట తీసుకున్నాడు.

ఊరేమో మటాటియెలే, రోజంతా ప్రయాణం. శవపేటిక బంధువులతో ముందే వెళ్లింది.

"నడుపుకుంటూ వెళ్దాం మామా" అంది వుయిసిలే కూతురు జింట్లే.

"నంబరు ప్లేటు లేని బండిని చూస్తే పోలీసులు మనల్ని కూడా పూడుస్తారు."

"పోనీ, ట్రైలరు మీద ఎక్కించు."

"కట్టే బెల్టులు రంగు కొరుకుతాయమ్మా!"

గుషేషే ముందు భాగాన్ని తన ట్రక్కు వెనక ఇనుపకమ్మీకి బిగించాడు. న్యూట్రల్‌లో ఉన్నా వెనక చక్రాలు తిరిగితే గేర్‌బాక్సు లోపలా తిరుగుతుంది. ఇంజను ఆగి ఉంటుంది కాబట్టి అక్కడికి నూనె చిమ్మదు, ఎండిపోయి అరిగిపోతుంది. అందుకని చక్రాలకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే షాఫ్టును విప్పి, దుప్పటిలో చుట్టి ఆ రాత్రికి మంచం కింద దాచాడు. దారిలో ఎంత నెమ్మదిగా లాగాడంటే ఒక టాక్సీవాడు పక్కకొచ్చి "ఏంటి ముసలాయనా, పాడె మోస్తున్నావా?" అని అరిచాడు. ఇంకెప్పుడైనా అయితే బొనకెలే వాడి తాతలను కూడా తిట్టేవాడు. ఆ రోజు కళ్లు తుడుచుకున్నాడు.

గుషేషే నలగకుండా ఊరు చేరింది. మర్నాడు పొద్దున్నే వుయిసిలేను పూడ్చిపెట్టడం అయింది. జనమంతా ఇంటి ముందు గుండ్రంగా నిలబడ్డారు. బొనకెలే షాఫ్టు బిగిద్దామని దుప్పటి మూట విప్పితే లోపల గడ్డి చాప! బరువు తేడా కూడా తెలియనంత దుఃఖంలో ఎత్తుకొచ్చాడు.

అప్పుడే ఇంటి నుంచి తాందేకా ఫోను మోగింది.

"బొనకెలే! మంచం కింద దుప్పట్లో చుట్టిపెట్టిన నా చాప ఏది? ఈ ఇనపరోకలిని దుప్పట్లో చుట్టి జోకొట్టావేంటయ్యా?"

అతను అక్కడే కూలబడ్డాడు. పోయినవాడికి ఇచ్చిన ఒక్క మాట, అదీ నిలబెట్టుకోలేకపోయాడు. జింట్లే ఇంజను స్టార్ట్ చేసి హోరెత్తించింది, గేరు వేసింది. బండి అంగుళం కదల్లేదు.

"చూస్తారేంట్రా, నెట్టండి!" అంది వుయిసిలే మేనత్త, చేతికర్ర పక్కన పారేసి.

నెట్టారు. జింట్లే స్టీరింగు తిప్పుతోంది, ఇంజను అరుస్తోంది, ముసలమ్మలు నాలుకలాడిస్తూ సంబరంగా కేకలు పెడుతున్నారు. టైర్ల పొగ లేదు గానీ ఊరి దుమ్మంతా లేచింది. అందరికన్నా గట్టిగా నెట్టినవాడు బొనకెలే. ఈగను కూడా వాలనివ్వని రంగు మీద అందరి చేతులూ పడుతున్నా పట్టించుకోలేదు. ఒక చుట్టు తిరిగేసరికి నడుం పట్టుకుని ఆగిపోయాడు.

"అప్పుడే ఆగావేంటి? మావాడు ఒక్క చుట్టుతో ఎప్పుడైనా దిగాడా?" అంది మేనత్త.

బొనకెలే ఏడుస్తూనే నవ్వి, మళ్లీ భుజం ఆనించాడు.